కేకకు రాని నత్తి

పల్నాడులో ఒక చిన్న కోర్టులో అటెండర్ని. కేసు వచ్చినప్పుడు వరండాలో నిలబడి కక్షిదారుల పేర్లు మూడుసార్లు కేకేయడం నా పని. కేకని సాగదీస్తాను కాబట్టి అందులో నత్తి రాదు. మామూలు మాటకొచ్చేసరికి నాలుక మొండికేస్తుంది. ఇన్నేళ్లూ తలూపి, చేయూపి నెట్టుకొచ్చాను.

పోయిన వేసవిలో ఒక ముసలమ్మ పొలం కేసు వచ్చింది. ఆమె ప్లీడరు ఆ రోజు రాలేదు. ఆమేమో నాతో చెప్పి, మంచినీళ్ల కోసం గేటు బయటికి వెళ్లింది. మూడు కేకలూ వేసి లోపలికెళ్లాను. "వచ్చిందండి, నీళ్లకెళ్లింది" అనాలి. అంతే. "వ... వ..." దగ్గరే బిగుసుకుపోయాను. గత్యంతరం లేక చేత్తో గేటు వైపు చూపించాను. ఇంటికి వెళ్లిపోయిందనుకుని జడ్జిగారు కేసు కొట్టేశారు. ఆయన తప్పేం లేదు. ఆమె తిరిగొచ్చేసరికి నేను రికార్డు గదిలో దూరాను.

ఆ తర్వాతే, యాభై మూడేళ్ల వయసులో, నరసరావుపేటలో స్పీచ్ థెరపీకి వెళ్లడం మొదలుపెట్టాను. సెలవు శనివారాల్లో ఎండలో, బస్సులో నిలబడి. అక్కడ నేర్పేది నా కూతురి వయసు పిల్ల.

"నత్తి మొత్తం పోతుందని చెప్పను అంకుల్. ఆగినా సరే, మొదలెట్టిన మాట వదలొద్దు."

ఇంత దూరం వచ్చింది ఇందుకా అని ఒళ్లు మండింది. ఇంట్లో సాధన చేద్దామంటే మా ఆవిడ నా మాట పూర్తికానివ్వదు. "అ... అ..." అనగానే అన్నం పెట్టేస్తుంది. నాకు కావాల్సింది అగ్గిపెట్టె. నిజం చెప్పొద్దూ, చాలా అలసిపోయాను. ఈ వయసులో మళ్లీ పలక పట్టినట్టుంది.

మొన్న ఆ ముసలమ్మ కేసు తిరిగి తెరిపించుకోవడానికి కోర్టుకొచ్చింది. నేరుగా నా ముందుకొచ్చి నిలబడింది.

"ఏందయ్యా, నీకు చెప్పే పోయాగా? లోపల చెప్పలేదా?"

తలూపి తప్పించుకోవచ్చు. ఊపలేదు.

"చె... చెప్పలేకపోయా...నమ్మా. నాకు న... నత్తి."

చానాసేపు పట్టింది. చొక్కా తడిసిపోయింది. ఆమె మధ్యలో అందుకోకుండా మొత్తం విన్నది. నా బతుకులో అలా విన్నవాళ్లు తక్కువ. గుండె తేలికైంది.

"ఊరంతా ఇనపడేట్టు కేకలేస్తావు, నీకు నత్తేంది?" అంది. "అవతలోళ్లు ఎంతిచ్చారయ్యా నీకు?"

ఎవరూ ఏమీ ఇవ్వలేదని చెప్పడానికి నోరు తెరిచాను. మాట ఆగింది, మళ్లీ ఎత్తుకున్నాను, వదల్లేదు. మాట పూర్తయ్యేసరికి ఆమె వరండా దిగి వెళ్లిపోయింది.