తాళం తప్పని కమలమ్మ

కొండాపురం దగ్గర, రిజర్వాయరులో ఊళ్లు మునిగినవాళ్లకు ఇచ్చిన ముంపు కాలనీలో కమలమ్మకు ఒక హోదా ఉంది. క్రైస్తవుల ఇళ్లలో ఎవరు పోయినా శవం దగ్గర పాట ఎత్తుకునేది ఆమే. ప్రొద్దుటూరు నుంచి, పులివెందుల నుంచి కూడా వచ్చి పిలుచుకుపోతారు. చుట్టూ ఎవరెంత గుండెలు బాదుకున్నా ఆమె గొంతు వణకదు, తాళం తప్పదు. పోయినవాళ్ల మీద ప్రేమ లేక కాదు. ఎత్తుకునే మనిషి ఏడిస్తే వెనక అందుకునేవాళ్లు చెదిరిపోతారు, అంతే.

సొంత మనిషి పోయిన ఇంట్లో పాట బయటివాళ్లు ఎత్తుకోవాలన్నది ఆనవాయితీ. నిరుడు భర్త పాలయ్య పోయినప్పుడు కమలమ్మ దాన్ని పక్కకు నెట్టింది. పాస్టరు భార్య శిల్ప నోరు తెరవబోతే, "నీది ఇంకా పచ్చిగొంతు, కూచోమ్మా" అని కూర్చోబెట్టి, మొగుడి తలాపున నిలబడి తానే పాడింది. మట్టి వేసేదాకా పాడింది. కాలనీ అంతా ముక్కున వేలేసుకుని మెచ్చుకుంది. ఆ మెప్పుతోనే చాలా రోజులు బతికింది కమలమ్మ.

కువైట్‌లో నర్సుగా చేస్తున్న కూతురు షారోన్ ఆమధ్య ఒక వాచీ పంపింది. చేతికి కట్టుకుని పడుకుంటే గుండె సంగతులు ఫోనులోకి చేరతాయి. అందులో హెచ్.ఆర్.వి. అని ఒక అంకె. దాని అర్థం ఏమిటని కమలమ్మ ఎవరినీ అడగలేదు. అడగడం ఆమెకు చిన్నతనం. నెలకోసారి వచ్చే 104 బండి దగ్గర కాలనీ ఆడవాళ్లు బీపీ, షుగరు చూపించుకుని ఒకరి అంకె ఒకరు ఆరా తీస్తారు. తగ్గినామె గెలిచినట్టు, పెరిగినామె ఓడినట్టు. ఇదీ అలాంటిదే అనుకుంది. వాచీలో అంకె దిగేకొద్దీ ఆమె మెడ పైకి లేచింది.

"చూడు మే సైదాబీ, పద్దెనిమిదికి దిగింది. నీ షుగరు ఎప్పుడన్నా ఇట్ల దిగిందా?" అంటూ పక్కింటామెకు చెయ్యి చాపింది.

"నాకు వాచీ పంపే బిడ్డ యాడుంది కమలమ్మక్కా! నా కొడుకు సౌదీ నుంచి ఖర్జూరాలు పంపుతాడు. అవి తినే నాకీ షుగరు."

బండి వచ్చిన రోజు డాక్టరు ముస్కాన్‌కు బీపీ కోసం చెయ్యి ఇవ్వకముందే వాచీ చూపించింది కమలమ్మ. "మేడమ్మా, ఇది గూడా రాసుకో."

ముస్కాన్ ఫోను తీసుకుని నెలల తరబడి కిందికి జారిన గీతను చూసింది. "పెద్దమ్మా, ఇది తగ్గితే సంతోషపడేది కాదు."

"బీపీ తగ్గితే మంచిది, షుగరు తగ్గితే మంచిది. ఇదేం పాపం చేసింది?"

"ఇది వేరే. గుండె ఒకసారి కొట్టుకున్నాక ఇంకోసారి కొట్టుకునేదానికి నడుమ సందు ఉంటాది కదా, అది రవంత అటూ ఇటూ మారుతుండాల. ఊపిరి పీలిస్తే బిరబిరా, వదిలితే నిదానం. మనసులో బరువున్నా, నిద్ర చాలకున్నా ఆ మార్పు తగ్గిపోతాది. గుండె బిగదీసుకోని ఒకే తీరుగా కొట్టుకుంటాది."

"తాళం తప్పకుండా కొట్టుకుంటే తప్పా?"

"పాటకు మంచిదే, గుండెకు కాదు. ఇదొక్కటే చూసి జబ్బని చెప్పను. వాచీలు తప్పు కూడా చూపిస్తాయి. పక్కింటోళ్ల అంకెతో పోల్చేది కాదిది, నీ పాత అంకెతోనే పోల్చుకోవాల. నిద్ర పడ్తాందా?"

పడుతోందని కమలమ్మ అంది. వెనక నిలబడ్డ సైదాబీ ఊరుకునే రకం కాదు.

"యాడ పడ్తాంది! కోడి కూయకముందే చెంబులు తోముతాంటాది. మొగుడు పోయినాక ఒక్క చుక్క కార్చలేదు మేడం ఈమె. ఇల్లంతా ఏడుస్తాంటే కచేరీ చేసింది."

"నోరు మూయి మే!"

"నేను మూస్తాలే. నువ్వు తెరువు ముందు."

డాక్టరు మాట మీద జమ్మలమడుగులో ఈసీజీ తీయిస్తే వంక పెట్టడానికేమీ దొరకలేదు. ఆ సంగతీ, మనసులో బరువు గురించి డాక్టరు అన్న మాటా విని కువైట్ నుంచి షారోన్ ఫోను చేసింది. "నాయన సంవత్సరం ప్రార్థన కూడికలో నువ్వు పాడొద్దు మా. శిల్పక్క పాడతాది. నువ్వు ఆడోళ్లతో చాప మీద కూచో."

"ఆ పిల్ల పాడితే మీ నాయన లేచొస్తాడు, ఆపమని."

"వస్తే మంచిదే కదా మా."

కమలమ్మ ఫోను పెట్టేసి, తోమిన చెంబులే మళ్లీ ముందేసుకుంది. తాను తప్పుకుంటే రేపు ఏ ఇంట్లో పీనుగ లేచినా పిలుపు శిల్పకే పోతుందని ఆమెకు తెలుసు. ముప్పై ఏళ్ల పెద్దరికం ఒక్క పూటలో చెయ్యి మారుతుంది. తప్పుకోకపోతే మళ్లీ నిలబడాలి, మళ్లీ బిగబట్టాలి.

కూడిక నాడు షామియానా కింద జనమంతా అలవాటు కొద్దీ కమలమ్మ వైపే చూశారు. పాస్టరు గొంతు సవరించుకుని ఆగాడు. కమలమ్మ చాప మీద నుంచి లేవలేదు.

"ఎత్తుకో శిల్పా," అంది.

శిల్ప బెదిరిపోయి అందనంత పై స్థాయిలో ఎత్తుకుంది. రెండో చరణానికే గొంతు జీరపోయింది. వెనకున్నవాళ్లు తలా ఒక దారి పట్టారు. ఇక సరిదిద్దుతుందని అందరూ మళ్లీ ఇటు తిరిగారు. కమలమ్మ నోరు తెరిచింది. వచ్చింది పాట కాదు. ఏ స్థాయికీ చెందని అరుపు, దాని వెనకే "ఓ అయ్యా" అనే మాట. మొగుణ్ణి బతికుండగా అలాగే పిలిచేది.

సైదాబీ పక్కకు జరిగి భుజం ఇచ్చింది. ఊరుకోమని మాత్రం అనలేదు. పాట ముగిసేసరికి మూడు పాటలైంది; ఎవరిది వాళ్లు ముగించుకున్నారు. కమలమ్మ ఒక్కదాన్నీ సరిచేయలేదు.