కుడి మూలన గీసిన గుర్తు

ఆ గీతలు నావేనని నమ్మడానికి నాకు కొంతసేపు పట్టింది.

తిరుపతిలో ఒక కాలేజీ, రెండో అంతస్తులో గది. సివిల్స్ ప్రిలిమ్స్ మొదటి పేపరు. జవాబు షీటు చేతికి వచ్చింది. రోల్ నంబరు గడులు నింపాను, సంతకం చేశాను. ప్రశ్నపత్రం తెరవమని బెల్లు ఇంకా కొట్టలేదు. కళ్లు మూసుకున్నాను. తెరిచి చూస్తే షీటు కుడివైపు పై మూలలో గోరంత సిలువ. నల్ల బాల్ పెన్నుతో, నిలువు గీత కాస్త పొడవుగా, అడ్డగీత పొట్టిగా, తొందరేమీ లేనట్టు శ్రద్ధగా గీసి ఉంది.

ఎవరిదో షీటు పొరపాటున నా ముందు పెట్టారనుకున్నాను. నంబరు చూశాను. నాదే. బొటనవేలితో రుద్దాను. పోలేదు. పోదని తెలుసు. బాల్ పెన్ను తప్ప వేరేది వాడకూడదని పెట్టిన రూలే అందుకోసం. నింపాల్సిన గడుల్లో తప్ప షీటు మీద ఎక్కడా ఏ గుర్తూ ఉండకూడదని, ఉంటే ఆ షీటు దిద్దకపోవచ్చని సూచనల్లో ఉంది. ఆ సూచనలు నేను ఒకటికి పదిసార్లు చదివాను. ఆత్మకూరులో నేను సోషల్ చెప్పే ప్రైవేటు స్కూల్లో, ఇలాంటి షీట్ల మీద పరీక్ష పెట్టినప్పుడల్లా పిల్లలకు గట్టిగా చెప్పేదాన్ని కూడా.

మాది ఉదయగిరి నుంచి వరికుంటపాడు పోయే దారిలో ఒక పల్లె. మా పాలెంలో, అంటే మా వాడలో, నాలుగు తరాలుగా బాప్టిస్టులం. పలక పట్టిన పిల్లకు మొదట నేర్పేది అక్షరం కాదు. పలక కుడి మూలన చిన్న సిలువ, ఆ తర్వాతే అ, ఆ. ఇది మా అవ్వ సండే స్కూల్లో పెట్టిన అలవాటు. పలక మీద గీసినవాళ్లం నోటు పుస్తకం మీద గీశాం, పదో తరగతి జవాబు కాగితం మీద గీశాం, డిగ్రీ దాకా గీశాం. ఎవరూ ఏమీ అనలేదు. ఆ తర్వాత నేను రాసిన పోటీ పరీక్షలన్నీ కంప్యూటర్ ముందు కూర్చుని రాసినవే. పరీక్షలో కాగితం, పెన్నూ మళ్లీ చేతికి రావడం అన్నేళ్లకు ఆ రోజే.

పైగా ఆ రోజు ఆదివారం. బుద్ధెరిగాక, ఒంట్లో బాగుండి కూడా నేను ఆరాధన మానడం అదే మొదటిసారి. ఆ గంటకు మా చర్చిలో మొదటి కీర్తన ఎత్తుకుంటారు. నా చేతికి ఆ సంగతి గుర్తుందేమో. నాకు మాత్రం లేదు. నన్ను ఎక్కువగా దిగ్భ్రమ పరిచింది అదే. నేను ప్రార్థన చేయలేదు. కళ్లు మూసుకుని రాజ్యాంగ సవరణల వరస గుర్తు చేసుకుంటున్నాను. సిలువ దానంతటదే పడింది.

వయసు లెక్కన నాకు అదే ఆఖరి అవకాశం. అంతకు ముందు రెండుసార్లు అప్లికేషన్ పెట్టి కూడా పరీక్షకు వెళ్లలేకపోయాను. ఒకసారి అవ్వ పోయింది, ఒకసారి నాకే జ్వరం. మూడోసారి ఆత్మకూరు బస్టాండు వెనక నెట్ సెంటర్‌లో అప్లికేషన్ నింపిస్తుంటే, ఆ సెంటర్ నడిపే పెద్దాయన కంప్యూటర్ వైపే చూస్తూ అడిగాడు.

“టీచరమ్మా, పరీక్ష యాడ రాస్తావు? మన నెల్లూరు ల్యా ఇందులో. తిరపతి ఉండాది, విజయవాడ ఉండాది.”

“తిరుపతే పెట్టన్నా. దగ్గర.”

“చర్చోళ్లు తిరపతి కావాలనడం ఇప్పుడే చూస్తుండా. అట్నే కొండెక్కి గుండు గూడా కొట్టించుకోనొస్తావా?”

“నాకు ర్యాంకొస్తే నా తరఫున నువ్వు కొట్టించుకో అన్నా.”

ఆయన తన బట్టతల తడుముకుని, “ఈడేముండాది కొట్టను?” అన్నాడు. నవ్వుకున్నాం. ఆ నవ్వుతోనే అప్లికేషన్ పంపించాం.

ఇప్పుడు ఆ గదిలో ఇన్విజిలేటర్ ఒక్కొక్క షీటు మీద సంతకం పెట్టుకుంటూ నా బల్ల దగ్గరకు వచ్చాడు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ లెక్చరర్‌లా ఉన్నాడు. సంతకం పెట్టబోయి ఆగాడు.

“ఏందమ్మా ఇది?”

ఆయన వంగి, గొంతు తగ్గించి, “పెన్ను పడతా ఉందా లేదా అని గీసి చూసుకున్నట్టుండావు. అంతే గదా?” అన్నాడు.

“కాదు సార్. సిలువ.”

ఆయన నా ముఖంలోకి చూశాడు. “నేను అడిగింది అది కాదమ్మా,” అన్నాడు మెల్లగా.

ఆయన నాకు తప్పించుకునే దారి చూపించాడని నాకు తెలిసింది ఆయన సూపర్‌వైజర్ కోసం బయటికి వెళ్లాక. అప్పుడు నేను చూపింది ధైర్యం కాదని ఇక్కడ రాయాలి. ఆ క్షణంలో నా తలలో రెండో మాటే లేదు. అదేమిటని అడిగారు, అదేమిటో చెప్పాను. ఆలోచించడానికి ఇంకో నిమిషం ఇచ్చి ఉంటే ఏమనేదాన్నో నాకు తెలియదు.

ఆయన తిరిగి వచ్చి సంతకం పెట్టాడు. “రాసుకోమ్మా. షీటు మార్చేదానికి లేదు. దీని సంగతి అక్కడ దిద్దేవాళ్లు చూసుకుంటారు.”

రాశాను. ఎలా రాశానో గుర్తు లేదు. మధ్యాహ్నం రెండో పేపరు. లెక్కలు, లాజిక్కు, చదివి అర్థం చేసుకునే పేరాలు. అందులో మూడో వంతు మార్కులు వస్తే చాలు, కానీ అవి రాకపోతే మొదటి పేపరులో ఎన్ని వచ్చినా లాభం లేదు. ఈసారి షీటు చేతికి రాగానే పెన్ను బల్ల మీద పెట్టేసి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, బెల్లు కొట్టే దాకా కళ్లు తెరిచే కూర్చున్నాను. షీటు మీద ఏ గుర్తూ పడలేదు.

ఊరికి వచ్చి నాయనకు జరిగింది జరిగినట్టు చెప్పాను. మా నాయన మెట్ట సేద్యం చేస్తాడు, చర్చిలో సంఘ పెద్ద. అంతా విని, “ప్రభువు చూసుకుంటాడులే పాపా,” అని మాత్రం అన్నాడు. తర్వాతి ఆదివారం ప్రార్థనలో ఒక్క వాక్యంగా ఆ సంగతి ఎత్తాడు. సంగతి సంఘమంతా పాకడానికి ఆ ఒక్క వాక్యమే సరిపోయింది.

ఫలితాల పట్టికలో నా నంబరు లేదు. మూడుసార్లు వెతికాను. సిలువ వల్లే షీటు పక్కన పడేశారని నాకు కలిగింది అనుమానం కాదు, నమ్మకమే. మా సంఘానికీ అంతే. ఆఖరి అవకాశం పోగొట్టుకున్న దుఃఖం ఒకపక్క. ఇంకోపక్క, నిజం చెప్పాలంటే, ఆ దుఃఖానికి ఒక గౌరవం దొరికింది. ప్రభువు నామం కోసం నష్టపోయిన బిడ్డ అన్నారు. వరికుంటపాడులో స్త్రీల కూడికకు వచ్చి, జరిగింది అందరి ముందూ సాక్ష్యంగా చెప్పమని పిలిచారు. మర్రిపాడులో ఒక ఇంటి ప్రార్థనకు పిలిచారు. మర్రిపాడులో నాకంటే ముందు ఒకామె లేచి, ఆ సారు సిలువ కొట్టేయమని గద్దించాడని, నేను “నా చెయ్యి నరుక్కో, కొట్టెయ్యను” అన్నానని చెప్పింది. నేను విస్తుపోయి కూర్చున్నాను. నా వంతు వచ్చినప్పుడు జరిగిందే చెప్పాను. ఆమె కలిపినదాన్ని మాత్రం కాదనలేదు. వాళ్ల కళ్లల్లో నీళ్లు చూశాక కాదనబుద్ధి కాలేదు.

దాదాపు ఏడాది అలా గడిచింది. ఒక రోజు స్కూలు విడిచే వేళకు నెట్ సెంటర్ పెద్దాయన ఫోన్ చేశాడు.

“టీచరమ్మా, పరీక్ష పోయినోళ్ల మార్కులు గూడా పెట్టినారంట. నీ నంబరు కొట్టి చూడమంటావా?”

“నా షీటు దిద్దలేదు గదన్నా. ఏముంటుంది చూడ్డానికి?”

“ల్యాకపోతే ల్యా. చూస్తే పోద్ది గదా.”

వెళ్లాను. ఖాళీ గడి కనబడుతుందనుకున్నాను. ఆయన నంబరు కొట్టి తెర నా వైపు తిప్పాడు. మొదటి పేపరు దగ్గర మార్కులు ఉన్నాయి. మంచి మార్కులు. కటాఫ్ ఎంతో ఆయనే వెతికి పక్కన పెట్టాడు. దానికంటే నాలుగు ఎక్కువ. రెండో పేపరు దగ్గర, పాసయ్యే మార్కుకు మూడు తక్కువ.

“ఫస్టు పేపరు పాసే గదమ్మా! పోయింది రెండోది. అది లెక్కలదే గదా?” ఆయన అద్దాలు పైకి జరిపాడు. “పదో క్లాసు లెక్కలంట గదా అందులో వచ్చేది?”

నేను కుర్చీ అంచు పట్టుకున్నాను. ఫ్యాను శబ్దం, బయట నెల్లూరు బస్సు కండక్టరు కేకలు, అన్నీ వినబడుతున్నాయి, ఏదీ అర్థం కావడం లేదు. సిలువ నాకు ఏ నష్టమూ చేయలేదు. దిద్దిన యంత్రం దాన్ని పట్టించుకోనే లేదు. అన్నేళ్లూ చరిత్ర, రాజ్యాంగం, భూగోళం చదివి, లెక్కల పుస్తకం తెరవడానికి బద్ధకించి, పాసు మార్కులేగా ఎట్లాగో వస్తాయిలే అని వదిలేశాను. పోయింది అందుకు. ఏడాదిగా నేను సంఘాల ముందు నిలబడి నా బద్ధకాన్ని సిలువ మీద మోపాను.

శనివారం ఊరికి వెళ్లి నాయనకు చెప్పాను. ఆయన పశువులకు గడ్డి వేస్తున్నాడు. చేతిలో మోపు కింద పెట్టలేదు.

“ఇంకెవురికి జెప్పినావు?”

“నీకే నాయనా.”

“మర్రిపాడులో ఎంతమంది విన్నారు నీ సాక్ష్యం?”

“యాభై మంది ఉంటారు.”

“వరికుంటపాడులో?”

“అక్కడా అంతే నాయనా.”

“మరి వాళ్లందరికీ ఎవురు జెప్తారు, నేనా?” అన్నాడు. చేతిలో మోపు పశువుల ముందు వేసి, “ముందు మన ఊళ్లో జెప్పు. రేపే,” అన్నాడు.

మరునాడు ఆరాధనలో సాక్ష్యాల సమయానికి లేచి నిలబడ్డాను. సంఘానికి వందనాలు చెప్పి, మొదటి పేపరు దిద్దారనీ, పాసయ్యాననీ, గుర్తు వల్ల ఏమీ కాలేదనీ, పోయింది గుర్తు లేని రెండో పేపరు అనీ చెప్పాను. ఇంకా ఒప్పుకోవలసిన మాట నోట్లోనే ఉంది. స్త్రీల వైపు నుంచి ఒక ముసలమ్మ చప్పున లేచింది.

“హల్లెలూయా! విన్నారా మీరంతా! సిలువ పెట్టిన పేపరు గెలిచింది! పెట్టని పేపరు పోయింది!”

“ఆమేన్!” అన్నారు వెనక నుంచి. “స్తోత్రం!” అని ఇంకొకరు. తప్పెట చేతిలో ఉన్నతను దాన్ని ఒక దెబ్బ కొట్టాడు కూడా. పాస్టరు గారు చేతులు పైకెత్తారు. మర్రిపాడులో కాదనకుండా ఊరుకున్న ఆ పూట మళ్లీ నా ఎదుట నిలబడ్డట్టే ఉంది. ఇప్పుడు కూర్చుంటే ఈ కొత్త మాట వచ్చే ఆదివారానికి వరికుంటపాడు చేరుతుంది. నేను కూర్చుంటే చాలు. నాయన వైపు చూశాను. ఆయన ఆమేన్ అనలేదు. తల ఎత్తి నన్నే చూస్తున్నాడు.

“కాదు,” అన్నాను. ఎవరికీ వినబడలేదు. గట్టిగా అరిచాను. “కాదు! సిలువకు దీంట్లో ఏం పని లేదు. ఆ పొద్దు నేను ప్రార్థన గూడా చెయ్యలేదు. అలవాటుకొద్దీ గీసినాను. రెండో పేపరు పోయింది ఎందుకంటే, నాకు లెక్కలు రావు. నేర్చుకోలేదు. సంవత్సరం పాటు మీకు తప్పు సాక్ష్యం చెప్పినాను.”

పాస్టరు గారి చేతులు ఇంకా పైనే ఉన్నాయి. ముసలమ్మ నిలబడే ఉంది, నోరు తెరుచుకుని. ఆమే మాట్లాడింది, కోపంగా కాదు, నిజంగా అర్థం కాక.

“లెక్కలు రాకుండా కలెక్టరు పరీచ్చకు ఎట్ట పోయినావు మే?”

ఎవరూ నవ్వలేదు. “అదే అవ్వా, తప్పు చేసినాను,” అని కూర్చున్నాను.