పల్లకీ రాని వీధి

మొన్న శనివారం సాయంత్రం గుడిలో పారాయణ ముగించుకుని వస్తూ, విజయనగరంలో మేం పుట్టి పెరిగిన బజారు వీధిలోకి చాలా ఏళ్ళ తర్వాత అడుగుపెట్టాను. వీధి మొదట్లో ఇనుప స్తంభాలు పాతి, ఇక మీదట బళ్ళు రాకూడదనీ, ఈ వీధి మనుషులు నడవడానికేననీ బోర్డు పెట్టారు. హారన్లు లేని ఆ నిశ్శబ్దంలో నా చెప్పుల చప్పుడు నాకే వినిపిస్తుంటే, ఎవరో నా వెనకే వస్తున్నట్టనిపించింది.

మా చిన్నతనంలో ఆ వీధి ఇలాగే ఉండేది. స్వామి కల్యాణం మర్నాడు, ముందు మా తాతగారి సన్నాయి, వెనక భజన బృందం, నడుమ పల్లకీ వచ్చేవి. ప్రతి గడప ముందూ పల్లకీ కాసేపు ఆగితే, ఆ ఇంటివాళ్ళు హారతి ఇచ్చుకునేవారు. చూపు మందగించి, మోకాళ్ళు పట్టేసి గుడిదాకా వెళ్ళలేని మా నాయనమ్మకి ఏడాది మొత్తంలో దొరికే దర్శనం అదొక్కటే. తరవాత్తరవాత నెల్లిమర్ల బస్సులూ లారీలూ ఎక్కువై, పల్లకీ నిలపడానికి చోటు లేక, పెద్దలు ఉత్సవాన్ని వెనక వీధికి మళ్ళించారు. ఆ మాట ఆవిడకి చెప్పే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

ఆ ఏటి ఉత్సవం సాయంత్రం ఆవిడ ఎప్పటిలాగే పట్టుచీర కట్టుకుని గడపలో కూర్చుంది. బస్సుల రొదలోంచి గంట వినబడగానే నా చెయ్యి పట్టుకుని, "ఒసే, సామొచ్చీసినాడే, కర్పూరం ఎలిగించు" అంది. వచ్చినవాడు పీచుమిఠాయి అమ్మే అతను. నాకేం చెయ్యాలో తోచక వెలిగించాను. అతను నవ్వేస్తాడేమోనని అతని మొహంకేసే చూశాను. అతను తలగుడ్డ తీసి, పక్కకి జరిగి, కర్పూరం ఆరేదాకా గంట కొడుతూనే ఉన్నాడు.

"ఈ యేడు సన్నాయి ఇనబడదేటి?" అంది నాయనమ్మ.

"సన్నాయి ముందుకెల్లిపోనాది మామ్మా. సామి నీ కోసం ఆగినాడు" అన్నాడతను.

ఆవిడ రెండు చేతులూ ఎత్తి ఏడ్చింది. మరుసటి ఉత్సవానికి ఆవిడ లేదు. స్వామి పిలిచిన రూపంలో వస్తాడని ఎన్నో ప్రవచనాల్లో విన్నాను గానీ, రావడం చూసింది ఆ ఒక్కసారే.

వీధి మళ్ళీ ఖాళీ అయింది కదా, ఈసారి పల్లకీని అటు తిప్పమని ఆ బోర్డు చూసిన మర్నాడే వెళ్ళి గుడి పెద్దలని బతిమాలాను. వాళ్ళు జాలిగా చూశారు. మోయడానికి భుజాలు దొరక్క స్వామి ఎన్నాళ్ళనుంచో ట్రాక్టరు మీదే ఊరేగుతున్నాడట. ఆ వీధిలోకి బళ్ళు రాకూడదు కదమ్మా అన్నారు.

మా గడప ఉన్నచోట ఇప్పుడు బట్టల కొట్టు మెట్లున్నాయి. సాయంత్రాలు అక్కడ కాసేపు నిలబడతాను. కొంగుకి కర్పూరం ముడేసుకునే వెళ్తున్నాను. ఒక్కోసారి వెనక ఎక్కడో గంట వినిపిస్తుంది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరేమోనని చూడను. మనుషులకి నడిచే దారి తిరిగి వచ్చింది, స్వామికే లేకుండా పోయింది.