పసుపు పెట్టిన గుడ్డ

నక్షత్రాల ఫొటో రాత్రితో అయిపోయే పని కాదు. తెల్లవారాక, కెమెరాను కదిలించకుండా, ఫోకస్ ముట్టుకోకుండా, లెన్సు ముఖానికి శుభ్రమైన తెల్లగుడ్డ కట్టి, వెలుగొచ్చిన ఆకాశాన్ని కొన్ని ఫొటోలు తీయాలి. వాటిని ఫ్లాట్లు అంటాం. లోపల దుమ్ము ఎక్కడుందో, ఏ మూల వెలుగు తగ్గిందో అవి చెప్పేస్తాయి. దాన్నిబట్టి రాత్రి తీసిన బొమ్మను సరిదిద్దుకుంటాం. గుడ్డకు మరక ఉంటే మాత్రం ఆ మరక కూడా లెక్కలోకి వచ్చి, బాగున్న బొమ్మ కాస్తా చెడిపోతుంది.

మదనపల్లెలో నెలంతా మబ్బులే. ఒక్క రాత్రి ఆకాశం తేటపడితే మిద్దెమీద కూర్చుని ఓరియన్ నెబ్యులా అనే వెలుగుల మేఘాన్ని తీశాను. గుడ్డ ముందే పుంగనూరు బజారులో కొనిపెట్టుకున్నాను. వెలుతురుకు పట్టి పట్టి చూస్తుంటే, పెళ్లిచీరను కూడా ఎవరూ ఇంతసేపు చూడరని అంగడాయన ఎగతాళి చేశాడు.

తెల్లారి మడత విప్పితే నాలుగు మూలలా పసుపు. మా అమ్మ పని. కొత్తబట్ట ఇంట్లోకి వస్తే పసుపు పెట్టందే ఆమె చెయ్యి ఊరుకోదు. పైగా తడి పసుపు. మడతల్లో పడి నడిమికి కూడా అంటింది.

నాకు ఒళ్లు మండింది. ఇంకో గుడ్డ కోసం కిందికి దిగాను. అమ్మ వంటింట్లో ఉంది. అది కట్టుకునే బట్ట కాదని, కెమెరాకు పసుపూ కుంకుమా ఎవరు పెట్టమన్నారని గట్టిగానే అడిగాను. నెలంతా కాచుకున్న బొమ్మ పోతుందని కూడా చెప్పాను. ఆమె పొయ్యి మంట తగ్గించి నావైపు తిరిగింది.

“పసుపు పెట్టని తెల్లగుడ్డ పోయినేడు మీ నాయన మీద కప్పినాం. ఇంగ అట్లాంటిది ఈ ఇంట్లోకి వద్దప్పా.”

ఆ రోజు అంగడికి పోయి ఆ గుడ్డ తెచ్చింది నేనే. దానికి పసుపు పెట్టకూడదని పెద్దవాళ్లెవరో చెప్పారు కూడా. ఇంతసేపూ నాకు గుర్తే రాలేదు.

ఇంకో గుడ్డ కోసం బీరువా తెరవకుండానే మిద్దెక్కాను. పసుపు పెట్టిన గుడ్డనే కట్టి ఫ్లాట్లు తీశాను. అనుకున్నట్టే, లెక్కలో ఆ పసుపును తీసేసేసరికి నెబ్యులాకు ఒక పక్క నీలిరంగు ముసురుకుంది. ఎంత సరిచేసినా పోలేదు. బాధేసింది, అబద్ధమెందుకు. కానీ బొమ్మ తీసిన ఆ రాత్రి నేనొక్కణ్ణే పైన తెల్లగుడ్డ పక్కన పెట్టుకుని కూర్చుంటే, కింద అమ్మ నిద్రపోగలిగిందంటే అది ఆ పసుపు వల్లే.