ముందు వివరించి, తర్వాత ఆపాను

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడు, వేసవి మొదట్లో, నన్ను కరీంనగర్ నుంచి మంచిర్యాలలోని ఒక జిల్లా కార్యాలయానికి బదిలీ చేశారు. శాఖ పేరు చెప్పను. నా హోదా అసిస్టెంట్ ప్రోగ్రామర్. పేరుకు ప్రోగ్రామర్‌నే గాని, ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం లాగడం నుంచి అధికారి గారు మరిచిపోయిన పాస్‌వర్డ్ మార్చడం దాకా అన్నీ నా నెత్తినే ఉండేవి. రిటైర్మెంటుకు ఇంకా నాలుగేళ్లుంది. అప్పటికే ఆ పనితో విసిగిపోయి ఉన్నాను.

ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో, అంటే సిబ్బంది సెలవులు, బదిలీలు చూసే విభాగంలో, ఇంటర్నెట్ ఉన్న కంప్యూటర్ ఒక్కటే. ఐదుగురూ దాన్నే వాడేవారు. ఎవరు కూర్చున్నా పక్కన దారంతో కట్టిన రిజిస్టరులో పేరు, వేళ, పని రాసి సంతకం పెట్టాలి. ఆ రిజిస్టరు పెట్టించింది నేనే. చేరిన వారంలోనే పెట్టించి, పెద్ద ఘనకార్యం చేశాననుకున్నాను.

నెల తిరక్కముందే ఆ కంప్యూటర్‌లో ఏ పేజీ తెరిచినా పెళ్లి ప్రకటనలు రావడం మొదలైంది. వార్తలు చూస్తే పక్కన, వాతావరణం చూస్తే కింద, ‘రెండో వివాహ సంబంధాలు, మీ జిల్లాలోనే’ అని. సీనియర్ అసిస్టెంట్ లింగయ్య నన్ను పిలిచి చూపించాడు. “గీ కంప్యూటర్‌కు పెండ్లీడొచ్చినట్టుంది సార్. పొద్దుగాల సంది సంబంధాలే వస్తున్నయి” అన్నాడు. అందరూ నవ్వారు. టీవీలో సబ్బు ప్రకటన అందరికీ వచ్చినట్టే ఇవీ అందరికీ వస్తాయని వాళ్ల నమ్మకం. నేనూ నవ్వి, ఆపుతానని చెప్పాను.

ఆపడం కష్టమేమీ కాదు. బ్రౌజర్‌కు తగిలించే చిన్న సాధనం ఒకటి ఉంటుంది, ఎక్స్‌టెన్షన్ అంటారు. ప్రకటనలు పంపే చిరునామాల జాబితా దాని దగ్గర ఉంటుంది. వాటినీ, మనం ఏం చూస్తున్నామో కనిపెట్టే ట్రాకర్లనూ అది పేజీలోకి రానివ్వదు. పది నిమిషాల పని. కానీ సర్కారు కంప్యూటర్‌లో కొత్తది ఏది వేయాలన్నా ఫైలు మీద నోట్ పెట్టి అనుమతి తీసుకోవాలి. పెట్టాను. నాలుగో రోజు ఫైలు తిరిగి వచ్చింది. ‘సిబ్బందికి వివరించి అమలు చేయండి’ అని అధికారి గారు పచ్చ సిరాతో రాశారు. ముందు వివరించాలి, తర్వాత అమలు చేయాలి. నేను ఆ వరుస తప్పలేదు.

మరునాడు మధ్యాహ్నం ఐదుగురినీ కూర్చోబెట్టాను. బజారులో ఒక దుకాణంలో చీర అడిగి బయటికి వస్తే, ఆ దుకాణం మనిషి వెంటపడి ప్రతి సందులోనూ చీరలే చూపిస్తే ఎలా ఉంటుందో ట్రాకర్ల పని అలా ఉంటుందని చెప్పాను. అక్కడితో ఆగినా సరిపోయేది. వివరంగా చెప్పడం నా జబ్బు. ఇవి ఊరికే రావని, ఈ కంప్యూటర్ ముందు కూర్చుని ఎవరో అలాంటివి వెతికి ఉంటారని కూడా చెప్పాను.

లింగయ్య చెయ్యి చాపి రిజిస్టరు తిప్పాడు. రెండు వారాలుగా భోజనం వేళ ఒకటే పేరు ఉంది, రజిత అని. పని అన్న గడిలో ప్రతిసారీ ‘జీవో డౌన్‌లోడ్’ అని రాసి ఉంది. రజిత అక్కడే, లింగయ్య పక్క కుర్చీలోనే కూర్చుని ఉంది. నేను చేసిందేమిటో నాకు అప్పుడు అర్థమైంది.

ఆమె జూనియర్ అసిస్టెంట్. మా శాఖలోనే పనిచేస్తూ భర్త చనిపోతే, కారుణ్య నియామకం కింద ఆ ఉద్యోగం ఆమెకు వచ్చింది. మందమర్రిలో, బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మామ, అత్త, మరిదితో కలిసి ఉండేది. ఇంట్లో ఆమె ఫోను అందరి చేతుల్లోనూ తిరిగేది. అందుకే ఆఫీసులో వెతుక్కుంది.

సమావేశం కాగానే ఎక్స్‌టెన్షన్ వేశాను. ప్రకటనలు పోయాయి. కానీ రిజిస్టరు మాట ఆఫీసు దాటి మందమర్రి చేరింది. మూడో రోజు ఆమె మరిది సమ్మయ్య నా టేబుల్ ముందుకు వచ్చాడు. “మా అన్న పానం పోతే వచ్చిన నౌకరి సార్ గది. గీమె పెండ్లి చేసుకొని పోతే మా అవ్వ బాపును ఎవలు చూడాలె? గా పుస్తకం జర చూపియ్యుండ్రి, ఫోటో తీసుకుంట” అన్నాడు. ఉద్యోగంలో చేరేటప్పుడే అత్తమామలను చూసుకుంటానని ఆమె హామీ రాసిచ్చిందని, పెళ్లి చేసుకున్నా ఆ హామీ ఎక్కడికీ పోదని చెప్పాను. రిజిస్టరు ఆఫీసు కాగితమని చెప్పి చూపించలేదు. “చూపియ్యకున్నా మాకెరుకే” అని వెళ్లిపోయాడు.

వారం తర్వాత రజిత సెలవు చీటీ ఇవ్వడానికి వచ్చింది. తప్పు నాదేనన్నాను.

“మీరు అబద్ధమేం చెప్పలే సార్” అంది. “గా యాడ్లు ముందుగాల బంద్ చేసి, గా ముచ్చట తర్వాత చెప్తే అయిపోతుండె. యాడ్లే లేకుంటే రిజిస్టరు ఎవలు తిప్పుదురు? మా అత్తకు నేనే చెప్దామనుకున్న. ఇప్పుడు కాలనీ అంత చెప్పింది.”

గొంతు పెంచలేదు. నాకు తలెత్తి చూడాలంటే సిగ్గేసింది. ఒక సంబంధం మాటల దాకా వచ్చిందట. గొడవ విని వాళ్లు తప్పుకున్నారు. నేను అక్కడున్న రెండేళ్లలో ఆమె మళ్లీ ఆ కంప్యూటర్ ముందు కూర్చోలేదు. జీవోలు కావలసి వస్తే లింగయ్యను అడిగి తెప్పించుకునేది.

తర్వాత నన్ను ఆదిలాబాద్ వేశారు. చేరిన రోజే, ఎవరికీ ఏమీ చెప్పకుండా, ఉన్న కంప్యూటర్లన్నిటిలో ఆ సాధనం వేసి, అనుమతి కోసం నోట్ మర్నాడు పెట్టాను. ముందస్తు అనుమతి ఎందుకు తీసుకోలేదో సంజాయిషీ ఇవ్వాలని మెమో వచ్చింది. ఉద్యోగంలో నాకు వచ్చిన మెమో అదొక్కటే. ఇలాంటివి ముందు ఆపాలని, చెప్పవలసింది ఏమైనా ఉంటే తర్వాత చెప్పాలని రెండు వాక్యాల్లో జవాబు రాసిచ్చాను. ఎవరి దగ్గర నేర్చుకున్నానో అందులో రాయలేదు.