ఏడు కిలోమీటర్ల అబద్ధం

మొన్న హన్మకొండలో ఇంజన్ ఆయిల్ దుకాణానికి వెళితే, దుకాణాయన ఒక డబ్బా బల్ల మీద పెట్టి, "మేడమ్, ఫుల్ సింథటిక్. అందరు గిదే తీస్కపోతాండ్రు" అన్నాడు. నేను బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఊరికే గాలిలో రుద్దుకున్నాను. ఆయన వింతగా చూశాడు. ఆ అలవాటు మా మామగారిది. ములుగు రోడ్డు మీద ఒక పొద్దున అది నాకు అంటుకుంది.

మామగారు కొత్తవాడలో జంపఖానాలు నేయించేవారు. పడుగుకు గంజి సరిగ్గా పట్టిందో లేదో వేళ్ల మధ్య నూలు రుద్ది చెప్పేవారు. తన పాత అంబాసిడర్ ఇంజన్ ఆయిల్‌నీ ఆ వేళ్లతోనే పరీక్షించేవారు. ఒక చుక్క వేలికి రాసుకుని కళ్లు మూసుకుని రుద్దుతుంటే, చూసినవాళ్లు ఆయన జపం చేస్తున్నారనుకోవాలి. "పాత మగ్గానికి గంజి చిక్కగుండాలె. బండికి గూడ అంతే" అనేవారు. ఇద్దరు కొడుకులున్నా తాళంచెవి ఎవరికీ ఇవ్వలేదు. కంటి ఆపరేషన్ అయ్యాక పెద్ద కోడలినైన నన్ను పిలిచి నా చేతిలో పెట్టారు. మా ఆయన వారం రోజులు మూతి ముడుచుకున్నాడు. నేను వారం రోజులు నేల మీద నడవలేదు.

ఆ గర్వమే కొంప ముంచింది. ములుగులో ఉన్న తన అక్కను చూసి రావాలని మామగారు అనగానే, బండికి రాజమర్యాద చేద్దామనుకున్నాను. ఎప్పుడూ పోసే చిక్కటి ఆయిల్ తీయించి, లోపలి మురికి కడిగే మందు పోయించి, చివరికి పలుచటి ఖరీదైన ఆయిల్ నింపించాను. బండిని ఏళ్ల తరబడి చూస్తున్న మెకానిక్ ఉస్తాద్‌కు మాత్రం చెప్పలేదు. చెబితే వద్దంటాడని తెలుసు.

ఆత్మకూరు దాటాక ఆయిల్ ప్రెషర్ ముల్లు కిందికి జారడం మొదలైంది. వెనక సీటులో నల్లద్దాలు పెట్టుకుని కూర్చున్న మామగారికి ముల్లు కనబడదు. చెవులు మాత్రం భేషుగ్గా ఉన్నాయి.

"బిడ్డా, సప్పుడు మారింది. ఏం ఆయిల్ పోయించినవ్?"

"ఎప్పటిదే మామా" అన్నాను.

ఆయన మళ్లీ అడగలేదు. అడిగినా బాగుండేది. ఆపితే నిజం చెప్పాలి, తాళంచెవి తిరిగిచ్చేయాలి. ఆపకపోతే ఇంజన్ బిగుసుకుని పట్టేస్తుంది, ఆ ఇంజన్‌కు సామాను దొరకదు, బండి పాత ఇనుము కిందికి పోతుంది. తెలిసి తెలిసి కిలోమీటరు రాళ్లు లెక్కపెడుతూ పోనిచ్చాను. ఏడో రాయి దగ్గర లోపల ఇనుము ఇనుమును కొట్టుకుంటున్న చప్పుడు మొదలైంది. ఇక నావల్ల కాలేదు. బండి పక్కకు తీసి ఇంజన్ ఆపేశాను.

"మామా, అబద్ధం చెప్పిన" అన్నాను. ఏడుపు ఆగలేదు.

ఆయన తడుముకుంటూ దిగి వేలు చాపారు. ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ తీసి అందించాను. రుద్ది చూసి, "మంచి ఆయిలే బిడ్డా. ఈ బండిది కాదు" అన్నారు. నేనూ ఒక చుక్క వేళ్ల మధ్య రుద్ది చూశాను. బండి కింద మట్టి మీద నల్లగా ఆయిల్ మడుగు కట్టింది.

ఫోన్ చేస్తే ఉస్తాద్ చిక్కటి ఆయిల్ డబ్బాతో బస్సులో వచ్చాడు. వస్తూనే నా మీద పడ్డాడు. "అది ఉత్త మురికా అమ్మా? ఇన్నేండ్ల సంది సందులు మూసిందే గది. కడిగితె కారదా? పాత ఇంజన్ల టాపెట్లు అరగకుండ జింకు ఎక్కువున్న చిక్కటి ఆయిలే కావాలె."

"జర ఊకో ఉస్తాద్" అన్నారు మామగారు. "నడిపేటోళ్లకే తప్పులైతయ్."

ములుగు పోకుండానే మెల్లగా ఇల్లు చేరాం. తాళంచెవి ఆయన ముందు పెట్టి తలవంచుకుని నిలబడ్డాను. ఆయన దాన్ని ముట్టుకోలేదు. "నీ దగ్గరే ఉంచు. అక్క ఎదురు సూస్తాంది, బండి బాగైనంక పోవాలె గద" అన్నారు. జరిగింది ఇంట్లో ఎవరికీ ఆయన ఒక్క మాట చెప్పలేదు.

ఇంజన్ బతికింది. మామగారే ఇప్పుడు లేరు. ఆ ప్రయాణం నాటి నుంచి రోజూ పొద్దున స్టార్ట్ చేయగానే ఆయిల్ పైకి ఎక్కేదాకా ఇంజన్ నాలుగు క్షణాలు టక్ టక్ మంటుంది. బాగుచేస్తానని ఉస్తాద్ అంటాడు, నేనే వద్దన్నాను. ఆ ఏడు కిలోమీటర్లకు ఆ రోజు పట్టింది పది నిమిషాలే. ఇన్నేళ్లయినా, నేను వాటిని పూర్తిగా దాటినట్టు లేదు.