ఆయన కొలతకు చేసిన తుపాకీ

జింకల వేట సీజన్ దగ్గర పడిందని మొన్న మా తమ్ముడు ఇంటికొచ్చి, బీరువాలోంచి మా ఆయన రైఫిల్ తీశాడు. ఆయన పోయాక దాన్నెవరూ ముట్టలేదు. భుజానికి ఆనించి చూసి, "అక్కా, భుజానికి ఆనే ఈ చెక్క నాకు పొడుగైంది. గన్‌షాప్‌లో ఇస్తే కట్ చేసి ఫిట్ చేస్తారు. ఊరికే పడుంది కదా, వాడుకుంటాను" అన్నాడు. మర్యాదగానే అడిగాడు. నాకే ఇవ్వబుద్ధి కాలేదు.

అమెరికాలో ఈ బెంటన్‌విల్‌కి వచ్చిన కొత్తలో మా ఆయనకు వేట పిచ్చి పట్టింది. మనిషి తాటిచెట్టంత. షాపులో ఏ తుపాకీ ఎత్తినా ఆయన చేతిలో పిల్లల బొమ్మలా ఉండేది. చివరికి ఊరవతల తుపాకులు చేసే ఒక ముసలాయన దగ్గర చేయించుకున్నాడు. కోటుకు కొలిచినట్టు చెయ్యి, మెడ, భుజం, చెంప ఎముక అన్నీ కొలిచాడా ముసలాయన; టేపు రెండో కొస నేనే పట్టుకున్నాను. ఆ వాల్‌నట్ చెక్కకు పట్టించిన నూనె వాసన నా పోపుకు కూడా లొంగేది కాదు. పెళ్లిలో నా చెయ్యి పట్టుకున్నదానికంటే జాగ్రత్తగా దాన్ని పట్టుకున్నాడు మా ఆయన. నిజం రాయడానికి నాకేం మొహమాటం.

తమ్ముడు మాత్రం ఫ్యాక్టరీవాటిలోనే ఖరీదైనది కొన్నాడు. ఇక గురి చూసి కాల్చే రేంజ్‌కి వెళ్లినప్పుడల్లా గొడవే. "బావా, రెండిటి గుండ్లూ ఒకచోటే పడుతున్నాయి. నువ్వు ఎక్స్‌ట్రా పెట్టింది దేనికి, ఫర్నిచర్‌కా?" అనేవాడు వీడు. "ఒరేయ్ బామ్మర్దీ, నీది ఎవడి భుజమైనా ఎక్కుతుంది. నాది నా భుజం తప్ప ఎక్కదు" అనేవాడాయన. టార్గెట్ కాగితాలు చూస్తే వీడి మాటే నిజం. ఆ సంగతి నేనంటే ఆ పూట అన్నం తినలేదు మహానుభావుడు.

తర్వాత జబ్బు చేసింది. కండ కరిగి ఎముకలు తేలాయి. చివరి సీజన్‌లో సరదా పడితే రేంజ్‌కి తీసుకెళ్లాం. తన కొలతకు చేయించుకున్న తుపాకీ తనకే కుదరలేదు. లోపలికి పోయిన చెంప చెక్కకు ఆనలేదు. తమ్ముడు తన తుపాకీ మరలు తిప్పి, చెంప ఆనేచోటు పైకి లేపి ఆయన చేతికిచ్చాడు. సరిగ్గా పట్టింది. గుండు నడిమధ్యలో పడింది. "మంచి గన్‌రా" అన్నాడు మా ఆయన. అన్నేళ్లలో ఒప్పుకోవడం అదే మొదలు. గెలిచినవాడు కారు వెనకాలకు పోయి ఏడ్చాడు.

మొన్న తమ్ముడి చేతిలోంచి ఆ రైఫిల్ తీసుకుని నా చెంప ఆనించి చూశాను. నాకూ చెక్కకూ మధ్య సందు మిగిలింది. ఆ సందు నిండాలంటే ఒంట్లో బాగున్ననాటి ఆయనే రావాలి. "నీది నీకు బాగానే ఉంది కదరా, దీన్ని కోయొద్దు" అన్నాను. వాడు దాన్ని గుడ్డతో తుడిచి లోపల పెట్టేశాడు. మనిషిని కాలం ఎలాగూ చెక్కుకుంటూ పోయింది, ఆయన కొలతనైనా ఉండనీ అనుకున్నాను.